నూట ఇరవై నాలుగు మీటర్లు

ఏడు కాలేజీలకు ఏడు ఉత్తరాలు రాశాను. నా పేరు టెస్ రూలఫ్స్, ఐదు కిలోమీటర్లు ఇంతలో పరిగెత్తాను, స్కాలర్‌షిప్ అడగను, జట్టులో చోటిస్తే చాలు అని. ఆరు కాలేజీల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఏడో కాలేజీ కోచ్, ప్రౌట్ అనే ఆవిడ, మే నెలలో ఒక సాయంత్రం మా వంటింటి గోడ ఫోన్‌కి నేరుగా ఫోన్ చేసింది. అది 1996. మాకున్నది ఆ ఒక్క ఫోనే కాబట్టి అమ్మ గిన్నె తుడుస్తున్నట్టు, నాయనమ్మ పేపర్ చదువుతున్నట్టు నటిస్తూ మొత్తం విన్నారు.

"నీ ట్రాక్ టైములు చూశాను టెస్. ఏదో ఫరవాలేదు. క్రాస్‌కంట్రీ టైము మాత్రం అదిరిపోయింది. పద్దెనిమిది నిమిషాల పదహారు సెకన్లా? గడ్డి మీద, గుట్టల మీద ట్రాక్ కన్నా వేగంగా పరిగెత్తేవాళ్ళని నా సర్వీసులో ఇద్దర్నే చూశాను. ఆ కోర్సు నిఖార్సుగా ఐదు కిలోమీటర్లేనా?"

"మా నాన్న కొలిచారు, కోచ్."

"ఆయనకి కొలతలొచ్చా?"

"మా నాన్నకి తప్పు కొలవడం రాదండీ."

ఆవిడ నవ్వింది. "సరే. బూట్లిస్తాను, జెర్సీ ఇస్తాను, ఇంకేమీ ఇవ్వను. ఇద్దరు సీనియర్లు వెళ్ళిపోతున్నారు, ఒక చోటు నీది. ఒక్క మాట. వచ్చిన మొదటి వారమే ట్రాక్ మీద టైము తీస్తాను. కాగితం మీదున్నదానికి పది సెకన్లు అటూ ఇటూ అయితే ఏమీ అనను. అంతకు మించితే మాత్రం కూర్చుని మాట్లాడుకోవాల్సి వస్తుంది."

ఫోన్ పెట్టగానే అమ్మ నన్ను పట్టుకుని ఊపేసింది. నాయనమ్మ పేపర్ దించి, "ఉత్త పుణ్యానికి పరిగెత్తుతానంటే ఎవరొద్దంటారే పిల్లా?" అంది. నాన్న పని నుంచి వచ్చాక సంగతి విని, చేతులు కడుక్కుంటూ చాలాసేపు సబ్బు రుద్దాడు. ఆయన సంతోషం అలాగే ఉంటుంది.

నాన్న మా ఊరి గోల్ఫ్ మైదానంలో గడ్డి బాధ్యతంతా చూసేవాడు. స్కూలు పరుగు పందేలు ఆ మైదానంలోనే జరిగేవి. ఏటా జూన్‌లో ఆయన పెద్ద మెషీన్‌తో గడ్డి కోసి దారి వేసి, మలుపుల దగ్గర జెండాలు పాతేవాడు. తర్వాత కొలచక్రం తోసుకుంటూ దారి పొడుగునా నడిచేవాడు. పొడుగాటి పిడి, కింద సైకిల్ చక్రమంత చక్రం, దాని మీద మీటర్లు లెక్కపెట్టే చిన్న పెట్టె. తొమ్మిదేళ్ళుగా ఆ కొలత ఆయనదే. స్కూలు వరండాలో రికార్డుల బోర్డు కూడా ఆయన చేతి రాతే. అమ్మాయిల వరుసలో అన్నిటికన్నా పైన నా పేరు రాసింది ఆయనే.

నిజం చెప్పాలంటే నాకు అనుమానం మొదలైంది జూన్‌లో. కోచ్ మాట చెవిలో జోరీగలా తిరుగుతుంటే, ఆ సంగతేదో తేల్చుకుందామని అమ్మను స్కూలు ట్రాక్‌కి తీసుకుపోయాను. పన్నెండున్నర చుట్లు. అమ్మ స్టాప్‌వాచ్ పట్టుకుని, ప్రతి చుట్టుకీ ఒక వేలు ముడుచుకుంటూ నిలబడింది. ఊరి పక్క సరస్సు మీద నుంచి గాలి లేదు, ఎండ లేదు, సాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

"ఎంత?" అన్నాను గడ్డి మీద పడి.

అమ్మ వాచీని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "పందొమ్మిది... నాలుగు. నేను ఆలస్యంగా నొక్కానేమోనే."

"నలభై ఎనిమిది సెకన్లు ఆలస్యంగా నొక్కావా అమ్మా?"

"ఒక్కదానివే పరిగెత్తావు. పక్కన ఎవరూ లేకపోతే ఎవరికైనా అంతే."

అది కొంత నిజమే, కానీ నలభై ఎనిమిది సెకన్ల నిజం కాదు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. జూలైలో నేనూ అమ్మా బ్లూబెర్రీల షెడ్డులో పనికి వెళ్ళేవాళ్ళం. కదిలే బెల్టు మీద పచ్చివీ చితికినవీ ఏరి పక్కన పడెయ్యాలి. నా చేతులు కాయలు ఏరుతుంటే బుర్ర సెకన్లు ఏరేది. ఆ కోర్సు అంతా పల్లమే అనుకుందామా, కాదు. ఆ రోజు వెనకగాలి ఉందా, చుట్టూ తిరిగే దారిలో వెనకగాలేమిటి? పక్కన నిలబడ్డ అమ్మ, "కాయ మీద కోపమెందుకే, చిదిపేస్తున్నావ్," అనేది.

నాకు పరుగు తప్ప ఇంకేమీ రాదు. చదువు ఏదో గట్టెక్కే చదువు, మాట కరుకు, పాట లేదు. ఆ కాలేజీ జెర్సీ వేసుకుంటే నేను ఒక మనిషిని. లేకపోతే నాలుగువేల మంది విద్యార్థుల్లో ఎవరికీ పేరు తెలియని ఒక పిల్లని. ఇది ఎవరికీ చెప్పలేదు, చెప్తే అమ్మ బాధపడుతుంది.

జూలై మొదటి ఆదివారం కడుపునొప్పి అన్నాను. మా ఇంట్లో ఆదివారం చర్చి ఎగ్గొట్టడం మామూలు విషయం కాదు. ఆదివారం మేం పరిగెత్తం, గుడ్డలుతకం, గోల్ఫ్ మైదానం గేటు కూడా మూసేస్తారు. నాయనమ్మ నా నుదురు తాకి చూసి, ప్రసంగం మధ్యలో చప్పరించడానికి దాచుకునే పెప్పరమింట్ బిళ్ళల్లో రెండు నా మంచం పక్కన పెట్టి వెళ్ళింది. "ఒకటి కడుపుకి, ఒకటి దేవుడికి" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కారు మలుపు తిరగగానే లేచి, నాన్న తాళంచెవులు తీసుకుని సైకిలెక్కి, మైదానం గేటూ షెడ్డూ తెరిచి కొలచక్రం బయటికి లాగాను.

మొదటి రెండు మలుపుల్లోనే నాకు అర్థమైపోయింది. చిన్నప్పుడు నాన్న కొలుస్తుంటే ఆయన వెనకే గంతులేసుకుంటూ వెళ్ళేదాన్ని. ఆయన కోసిన దారికి సరిగ్గా మధ్యలో నడిచేవాడు, రోడ్డు మధ్య గీత మీద నడిచినట్టు. దారి రెండు మెషీన్ల వెడల్పు. పరిగెత్తేవాళ్ళు మధ్యలో పరిగెత్తరు. మలుపు దగ్గర జెండా కర్రని భుజంతో రాసుకుంటూ లోపలివైపు నుంచి తిరిగి, ఆ జెండా నుంచి తిన్నగా తర్వాతి జెండాకి పోతాం. ఆ దారిలో ఇరవై నాలుగు మలుపులు. గడ్డి కోసే మనిషి గడ్డిని కొలిచాడు, పరుగుని కొలవలేదు. నాన్న జన్మలో ఒక పందెం పరిగెత్తి ఉంటే ఆ తప్పు చేసేవాడు కాదు.

నేను పరిగెత్తే గీత మీద చక్రం తోశాను. చివర పెట్టెలో నాలుగు వేల ఎనిమిది వందల డెబ్బై ఆరు. సున్నాకి తిప్పి మళ్ళీ మొదటి నుంచి తోశాను. అదే అంకె.

నూట ఇరవై నాలుగు మీటర్లు. నా వేగానికి ఇరవై ఎనిమిది సెకన్లు. అంటే నా అసలు టైము పద్దెనిమిది నలభై నాలుగు. పది సెకన్ల మాట చెప్పిన కోచ్ ముఖం నేనెప్పుడూ చూడలేదు, కానీ ఆ నిమిషంలో బాగా కనబడింది. చర్చి విడిచే వేళయిందని చక్రం షెడ్డులో పడేసి, ఇంటికొచ్చి దుప్పటి కప్పుకున్నాను. పెప్పరమింట్ రెండూ ఒకేసారి నోట్లో వేసుకున్నాను.

పెట్టెలో అంకెను సున్నాకి తిప్పడం మరచిపోయాను.

మర్నాడు, సోమవారం సాయంత్రం, భోజనాల దగ్గర నాన్న బైబిల్ ముయ్యకుండానే, పేజీ మీద వేలు పెట్టి ఉంచి అడిగాడు.

"షెడ్డులో కొలచక్రం ఎవరైనా తీశారా?"

బల్ల దగ్గర ఉన్నది నలుగురం. నాయనమ్మ తీయదు, అమ్మ తీయదు.

"లేదు," అన్నాను.

"సరే," అన్నాడు నాన్న. ఆ రోజు వంతు వచ్చిన వచనాలు పూర్తి చేసి, బంగాళాదుంపల గిన్నె నా వైపు జరిపాడు. "తిను. పరిగెత్తేదానివి, ఆ తిండేమిటి?"

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆయన ఆలస్యంగా వచ్చేవాడు, ఆ దారి మళ్ళీ కొలుస్తున్నాడేమో. నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం. ఎదురుపడితే ఆయన ఒక్క క్షణం ఆగేవాడు, నేను బూట్ల లేసులో, ఫ్రిజ్ తలుపులో, ఏదో ఒకదానిలో తల దూర్చేదాన్ని. ఒకరోజు ట్రక్కు కడుగుతూ, "టెస్, నీకేమైనా చెప్పాలనుందా?" అని కూడా అడిగాడు. "ఆకలేస్తోంది" అన్నాను. రోజుకి పది మైళ్ళు పరిగెత్తేదాన్ని, పద్దెనిమిది పదహారుని నిజం చేసేస్తే ఇక అబద్ధమే ఉండదు కదా అని. ఇరవై ఎనిమిది సెకన్లు ఒక్క వేసవిలో తగ్గేవి కావని నాకూ తెలుసు.

పన్నెండో రోజు శనివారం. గరాజ్‌లో నాన్న మెషీన్ బ్లేడ్లు ఆకురాయితో రుద్దుతున్నాడు. నేను నీళ్ళ సీసా కోసం వెళ్ళాను.

"మీ కోచ్‌కి ఉత్తరం పోస్ట్ చేశాను," అన్నాడు తలెత్తకుండా.

"ఏ ఉత్తరం?"

"కోర్సు నూట ఇరవై నాలుగు మీటర్లు తక్కువని. తప్పు నాదని."

నా నోరు ఆగలేదు. "నన్నడక్కుండానా? నా చోటు అది నాన్నా! నీ చోటు కాదు. నువ్వెవరివి నా చోటు తీసెయ్యడానికి? నన్ను ఒక్కమాట అడగొద్దా?"

"అడిగాను కదమ్మా," అన్నాడు. "సోమవారం."

ఆకురాయి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. నేను సీసా అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆ మరుసటి వారం ఆయన స్కూలుకి పోయి హెడ్‌మాస్టర్‌తో చెప్పి, రంగు డబ్బా తీసుకుని, రికార్డుల బోర్డు మీద ఆ కోర్సుకి సంబంధించిన తొమ్మిది పేర్లూ తుడిచేశాడు. నా పేరుతోనే మొదలుపెట్టాడట. ఊళ్ళో తల్లిదండ్రులకి అది నచ్చలేదు. చర్చి బయట వైబ్ అనే ఒకాయన నాన్నతో, "మా అబ్బాయి ఆరేళ్ళ కిందట పరిగెత్తాడు గెరిట్, ఇప్పుడు వాడి రికార్డుని ఎవరు తవ్వమన్నారయ్యా?" అన్నాడు అందరికీ వినబడేట్టు. నాన్న టోపీ చేతిలో పట్టుకుని, "తప్పు కొలిచాను, వైబ్" అన్నాడు, అంతే. అమ్మ వారం రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడింది. కంచం పెట్టేది, పక్కన కూర్చునేది కాదు. నాయనమ్మ ఆ నిశ్శబ్దం భరించలేక, "ఈ ఇంట్లో పొడుగు సరిగ్గా ఉన్నది నా నాలుక ఒక్కటే" అంది. ఎవరూ నవ్వలేదు.

కోచ్ దగ్గర నుంచి నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది. కొత్తగా తెలిసిన విషయం వల్ల చోటు అట్టేపెట్టడం కుదరదు. ఆగస్టు ఇరవై నాలుగున, శనివారం, చోటు లేని వాళ్ళందరికీ కలిపి ట్రాక్ మీద పరీక్ష. ఉన్నది ఒకే చోటు. టైమూ చూస్తాను, మనిషినీ చూస్తాను. నేనది స్నానాల గదిలో కూర్చుని ఎన్నిసార్లు చదివానో! ప్రతిసారీ కోపం నాన్న మీదే వచ్చింది. నా మీద రావాల్సిందని తెలిసినా సరే, ఆయన మీదే.

కాలేజీకి గంటన్నర దూరం. ఆ శనివారం నాన్నే ట్రక్కులో తీసుకెళ్ళాడు. దారిలో వాతావరణం గురించి రెండు మాటలు అన్నాడు, నేను ఊఁ కొట్టాను. ట్రాక్ దగ్గర పదకొండు మంది అమ్మాయిలం. అందరి ముఖాలూ పాలిపోయి ఉన్నాయి. ఒకమ్మాయి చెత్తబుట్ట దగ్గరికి పోయి వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ వరుసలో నిలబడింది. పేరు జోలీన్. నా పక్కనే. "సారీ, ప్రతిసారీ ఇంతే నాకు," అంది నోరు తుడుచుకుంటూ.

"నాకు కడుపులోనే ఉండిపోతుంది," అన్నాను. "నువ్వే నయం."

ఎనిమిది చుట్ల దాకా గుంపుగానే ఉన్నాం. తొమ్మిదిలో నలుగురం మిగిలాం. పదకొండులో నేనూ జోలీనూ. నా ఊపిరి ఆమెది, ఆమె ఊపిరి నాది అన్నట్టుంది. చివరి వందలో ఆమె అరడుగు ముందుకి వచ్చింది. నేను ఎంత చచ్చినా ఆ అరడుగు పూడలేదు. ఇద్దరికీ పద్దెనిమిది నలభై రెండే పడింది. కానీ గీత ముందు తాకింది ఆమే. నా జన్మలో నేను నిజంగా పరిగెత్తిన టైము అదొక్కటే అనిపించింది, నవ్వొచ్చింది.

పావుగంట తర్వాత కోచ్ ప్రౌట్ నన్ను స్టాండు మెట్ల దగ్గరికి పిలిచింది. పొట్టి మనిషి, మెడలో రెండు వాచీలు.

"ఆ పిల్ల అరడుగు ముందుంది, చూశాను," అంది. "కానీ అరడుగుతో నేను మనుషుల్ని ఎంచుకోను. చోటు నీకిస్తున్నాను, టెస్."

నేను మెట్టు మీద కూర్చున్నాను.

"ఎందుకో తెలుసా?" చేతిలో అట్టకి క్లిప్పుతో పెట్టిన కాగితం తిప్పింది. నాన్న చేతిరాత, బోర్డు మీద రాసే నిలువు అక్షరాలు. "మీ నాన్న రాశారు. కోర్సు తక్కువని నువ్వే కనిపెట్టావని, నువ్వే వచ్చి చెప్పావని, కోచ్‌కి తెలియాలి నాన్నా అని నువ్వే అడిగావని. చోటు చేతిలో ఉండగా అలా చెప్పే పిల్లలు ఎంతమంది ఉంటారు? నాకు అలాంటిది ఒక్కటి చాలు జట్టులో."

నేనా కాగితం వైపు చూశాను. మా నాన్న జీవితంలో అబద్ధం ఆడడం నేనెరగను. ఆదివారం గోల్ఫ్ ఆడటానికి గేటు తెరవమని మేయరు అడిగితే, తాళంచెవి పోయిందనకుండా, "తెరవను" అన్న మనిషి. అలాంటి మనిషి రాసిన మూడు వాక్యాల్లో ఒక్కటే నిజం.

ట్రాక్ అవతల జోలీన్ గడ్డిలో కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు బాగా వచ్చు, ఆ వేసవంతా చేసింది అదే. అవుననక్కర్లేదు, తల కూడా ఊపక్కర్లేదు.

"కోచ్," అన్నాను. "నేను చెప్పలేదు."

"ఏంటి?"

"కొలిచింది నేనే. కానీ చెప్పలేదు. కొలచక్రంలో అంకె చూసి ఆయనే తెలుసుకున్నారు. నన్ను అడిగితే లేదన్నాను. ఆయన ఉత్తరం వేశారని తెలిసి అరిచాను కూడా."

ఆవిడ అట్టకేసి చూసి, పెన్నుతో ఏదో కొట్టేసింది.

"ఇప్పుడు చెప్పావు కదా, అది మంచిదే," అంది. "కానీ అరడుగు అరడుగే అవుతుంది ఇక." కాస్త ఆగి, "జనవరిలో ట్రాక్ జట్టుకి మళ్ళీ పరీక్ష పెడతాను. రావాలనుకుంటే రా. నేను పిలవను" అంది. జోలీన్ వైపు నడిచింది. జోలీన్ అరుపు పార్కింగ్ దాకా వినబడింది.

నాన్న ట్రక్కుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి తలుపు తీశాడు. ఊరు దాటి బ్లూబెర్రీ తోటలు మొదలయ్యాయి.

"టైమెంత?" అన్నాడు చివరికి.

"పద్దెనిమిది నలభై రెండు. చోటు రాలేదు."

"బాగా పరిగెత్తావు."

"నాన్నా, ఉత్తరంలో అలా ఎందుకు రాశావు? నేను చెప్పానని?"

స్టీరింగ్ మీద ఆయన చేతులు కాస్త కదిలాయి. "ఆవిడ చూపించిందా?"

"చూపించింది. అబద్ధం అని చెప్పాను."

"ఊఁ."

"ఎందుకు రాశావు?"

"సోమవారం రాత్రే రాశానమ్మా అది," అన్నాడు. "చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అని. నువ్వు చెప్పేస్తే అందులో అబద్ధం ఉండదు కదా. పన్నెండు రోజులు చూశాను. ఇక స్కూలు వాళ్ళకి చెప్పాల్సిన రోజు దగ్గరపడింది. మార్చి రాద్దామనుకున్నాను. మనసొప్పలేదు."

ఫ్రిజ్ తలుపు వెనక, లేసుల మీద వంగి, నేను దాక్కున్న ప్రతిసారీ ఆయన జేబులో ఆ కాగితం ఉంది. నాకు సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది.

"ఇప్పుడు చెప్పేశాను కదా," అన్నాను.

"ఆవిడకి చెప్పావు," అన్నాడు నాన్న, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "నాకింకా చెప్పలేదు."

ఆయన ట్రక్కుని పక్కకి తీసి, ఒక తోట గేటు ముందు ఆపి, ఇంజను కట్టేశాడు. నేను మొదటి నుంచీ చెప్పాను.